అల్లం వెనిగరు, కొర్రల గంజి

బాలింత పథ్యం దగ్గర మన ఆడవాళ్ళ పట్టుదల ఎంతటిదో మీకు నేను చెప్పక్కర్లేదు. పాత చింతకాయ పచ్చడి, వెల్లుల్లి కారం, పొద్దున్నే పరగడుపున కాయం ఉండ, చెవుల్లో దూది, తలకి గుడ్డ. తణుకులో మా అమ్మ దగ్గర రెండు పురుళ్ళకీ నాకు ఇవన్నీ జరిగాయి. మావారి ఉద్యోగం మూలంగా సింగపూర్ వచ్చి తొమ్మిదేళ్ళవుతోంది. మా అంతస్తులో ఎనిమిది ఇళ్ళుంటే ఐదు చైనీయులవి. ఈ తొమ్మిదేళ్ళలో ఆ ఇళ్ళల్లో నాలుగు పురుళ్ళు దగ్గరగా చూశాను. వాళ్ళ పథ్యం ముందు మనది ఏపాటి!

వాళ్ళు దీన్ని 'జువో యుయెజి' అంటారు. అంటే 'నెల కూర్చోవడం'. 28 రోజులో 30 రోజులో బాలింత గడప దాటకూడదు, చన్నీళ్ళలో చెయ్యి పెట్టకూడదు, తలస్నానం చెయ్యకూడదు, ఫ్యాను గాలి తగలకూడదు. కొన్ని ఇళ్ళల్లో 40 రోజులు. ఇదేమీ నిన్నా మొన్నా మొదలైంది కాదు. సాంగ్ వంశపు రాజుల కాలంలో, 1237లో, చెన్ జిమింగ్ అనే వైద్యుడు ఆడవాళ్ళ ఆరోగ్యం మీదే ఓ పెద్ద గ్రంథం రాశాడు. ప్రసవం తర్వాత ఎలా ఉండాలి, ఏం తినాలి అన్నది అందులో ఉంది. కాన్పు కాగానే కోడీ మాంసం కుక్కెయ్యమని కాదు, ముందు పలచటి తెల్ల గంజితో మొదలుపెట్టమన్నాడాయన. ఎనిమిది వందల ఏళ్ళ కిందట ఒక మగాయన ఈ మాత్రం ఆలోచించాడంటే నాకు ముచ్చటేసింది.

వాళ్ళ లెక్క ఇలా ఉంటుంది. నెత్తురంటే వేడి. కాన్పులో నెత్తురు పోతుంది కాబట్టి ఒంట్లో వేడి తగ్గి ఒళ్ళు చల్లబడుతుంది. కీళ్ళూ, చర్మంలోని రంధ్రాలూ తెరుచుకుని ఉంటాయి. వాటిలోంచి గాలి లోపలికి దూరుతుంది. ఇప్పుడు దూరిన గాలి ముసలితనంలో కీళ్ళ నొప్పులుగా బయటపడుతుంది. ఇది మొదటిసారి విన్నప్పుడు మా అమ్మమ్మే చైనా భాషలో మాట్లాడుతున్నట్టనిపించింది. "వాతం చేస్తుందే అమ్మడూ" అని ఆవిడ ఎన్నిసార్లనేదో! వాతమన్నా గాలే కదా.

అందుకని వేడి చేసేవి పెడతారు. అల్లం, నువ్వుల నూనె, బియ్యంతో చేసిన వైను, కోడి, ఎర్ర చక్కెర. చలవ చేసేవి కూడదు. పుచ్చకాయ, కీరదోస, ముల్లంగి, క్యాబేజీ, కాకరకాయ, బేరిపండు అన్నీ బంద్. మంచినీళ్ళు కూడా ఉత్తవి ఇవ్వరు. ఎండు రేగుపళ్ళూ, ఎండబెట్టిన లోంగాన్ పళ్ళూ వేసి కాచిన ఎర్రటి నీళ్ళు ఫ్లాస్కులో పోసి పక్కన పెడతారు, రోజంతా అవే. (ఇక్కడ 'ఎర్ర ఖర్జూరం' అని అమ్మేది ఖర్జూరం కాదు, మన రేగుపండుకి పిన్ని కూతురు.) నవ్వొచ్చేదేమిటంటే, వాళ్ళు వద్దన్న కాకరకాయని మా అమ్మ కారం పెట్టి వేయించి బాలింతకి పెడుతుంది. మనం వేడని గర్భిణి దాపుకి రానివ్వని పచ్చి బొప్పాయిని వాళ్ళు చేపలతో కలిపి పులుసు కాచి, పాలు పడతాయని తల్లికి తాగిస్తారు.

అసలు ఈ వేడీ చలవా లెక్క ఒక్కటే అన్నీ నిర్ణయిస్తే చైనా అంతటా ఒకే వంట ఉండాలి కదా? అలా ఉండదు. దక్షిణాన కాంటనీస్ వాళ్ళది అల్లం వెనిగరు. ముదురు అల్లం ఎండబెట్టి, తియ్యటి నల్ల వెనిగర్‌లో వేసి, పంది కాళ్ళూ కోడిగుడ్లూ కలిపి మట్టికుండలో గంటలు గంటలు ఉడికిస్తారు. ఫుజియాన్ వైపు వాళ్ళు ఎర్ర వైనులో కోడిని వండుతారు. హక్కా వాళ్ళది పసుపుపచ్చ వైను. తైవాన్‌లో మొదటి వారం కాలేయం, రెండో వారం మూత్రపిండం, ఆ తర్వాత నువ్వుల నూనెలో అల్లం వేయించి బియ్యపు వైనుతో వండిన కోడి. కొందరి ఇళ్ళల్లో ఆ వంటలో చుక్క నీళ్ళు కూడా పడకూడదు, మొత్తం వైనే. 2002లో తైవాన్ ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరినప్పుడు పన్ను పెరిగి ఈ బియ్యపు వైను ధర ఆకాశానికంటింది. దాంతో జనం ముందే సీసాలు సీసాలు కొని దాచుకున్నారు. అంతర్జాతీయ వాణిజ్య ఒప్పందాలు ఎంత దూరం పోయి ఎవరి వంటింట్లో తేలతాయో చూడండి.

ఉత్తరాదిన ఈ వెనిగరూ లేదు, వైనూ అంతగా లేదు. అక్కడ బాలింత తిండంటే చిరుధాన్యం గంజి, అందులో ఎర్ర చక్కెర, పక్కన ఉడకబెట్టిన గుడ్లు. చాలాచోట్ల బాలింతకి పులుపు కూడదంటారు, కాంటనీస్ వాళ్ళు వెనిగర్ కుండే పెడతారు. మరి శాస్త్రం ఒకటే అయినప్పుడు ఇన్ని తేడాలెందుకు? నాకు తట్టింది చెప్తాను. పొలంలో పండేదేదో, ఇంట్లో జాడీలో ఉండేదేదో అదే 'బాలింతకి మంచిది' అయింది. వరి పండే దక్షిణాన బియ్యపు వైను, చలి ప్రాంతంలో చిరుధాన్యం. మా గోదావరి వైపు సముద్రం దగ్గర కాబట్టి పాలు పడ్డానికి సొర పుట్టు. సముద్రం మొహం చూడని ఊళ్ళో ఏ అమ్మమ్మా సొర చేప పెట్టమనదు కదా.

పొలం కన్నా గట్టిగా నిర్ణయించేది ఇంకొకటుంది. నెల ఎవరి వంటింట్లో కూర్చుంటున్నారన్నది.

మనకి మొదటి పురుడు పుట్టింటివాళ్ళది. ఎంత చెప్పినా అమ్మ దగ్గర "నాకు వద్దు" అనొచ్చు, అలగొచ్చు, అమ్మ తిట్టుకుంటూనే ఇంకోటి వండుతుంది. చైనీయుల పాత ఆచారంలో ఇది తలకిందులు. పెళ్ళయిన కూతురు పుట్టింట్లో పురుడు పోసుకోవడం, నెల కూర్చోవడం మంచిది కాదంటారు. మొగుడి ఇల్లే, అత్తగారి వంటే. పిల్ల పుట్టింటి అలవాటు ఒకటి, మెట్టినింటి కుండ ఇంకొకటి అయితే, ఆ నెల రోజులూ ఆ పిల్ల నాలుక ఎవరికీ పట్టదు.

మా ఎదురింటి కోడలు షాన్‌డాంగ్ పిల్ల. షాన్‌డాంగ్ అంటే ఉత్తర చైనా. ఇక్కడ చదువుకోడానికొచ్చి, ఇక్కడే కాంటనీస్ కుర్రాణ్ణి చేసుకుంది. నన్ను 'జియే' అంటుంది, అక్క అని. వాళ్ళత్తగారిని అందరం ఆంటీ అంటాం. అరవై ఎనిమిదేళ్ళ మనిషి, నడుం వంగదు, మాట వంగదు. పోయిన ఏడాది కోడలికి ఏడో నెల రాగానే వరండాలో చేటల్లో అల్లం ఎండపెట్టడం మొదలైంది. మామూలు అల్లం కాదు, మలేషియాలో బెంటాంగ్ నుంచి వచ్చే అల్లం, ఘాటుకి పేరున్నది. వెనిగర్ సీసాలు, కొత్త మట్టికుండ. ప్రసవానికి నెల ముందే అల్లం వెనిగర్‌లో పడింది. ఇక్కడ చాలామంది ఈ నెలకి మలేషియా నుంచి ఒక ఆవిడని పిలిపించి ఇంట్లో పెట్టుకుంటారు, కన్‌ఫైన్‌మెంట్ ఆంటీ అంటారు. లేదా క్యారియర్‌లో రోజూ భోజనం పంపే కంపెనీలకి కడతారు. రెండూ ఖరీదే. మా ఆంటీ రెండూ వద్దంది. "నా కోడలికి నేనుండగా ఎవరో వండడమేమిటి?" అని.

పిల్ల వాళ్ళమ్మ రావాల్సింది. టికెట్ కొనుక్కున్నాక ఆవిడ తల్లి జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆగిపోయింది. ఫోన్లో వీడియో పెట్టి మనవణ్ణి చూసుకుని ఏడవడం తప్ప ఆవిడ చేసేదేముంది?

మొదటి పదకొండు రోజులూ ఎలాగో గడిచాయి. అల్లం వేసి వేయించిన అన్నం, చేప పులుసు, ఎర్రటి నీళ్ళు. కాంటనీస్ ఇళ్ళల్లో వెనిగర్ కుండ తెరిచేది పన్నెండో రోజు తర్వాతే. అంతకు ముందు ఒంటికి తట్టుకోదంటారు. పన్నెండో రోజున కుండ తెరిచారు. ఆ వాసన లిఫ్టు దాకా వచ్చింది. నాకైతే అది మంచి వాసనే, నోరూరింది. ఆ పిల్లకి మాత్రం అదే మొదలు. వరసగా నాలుగు రోజులు, రెండు పూటలా గిన్నె పెట్టడం, సగం కూడా తినకపోవడం. పదహారో రోజు పిల్లాణ్ణి చూడ్డానికెళ్తే, ఆంటీ కిందికెళ్ళిన సమయం చూసి నా చెయ్యి పట్టుకుంది.

"జియే, ఆ కుండ మూత తీస్తే నాకు కడుపులో తిప్పుతోంది. ఆవిడ రెండు నెలల నుంచి దాని కోసం కష్టపడ్డారు. వద్దని ఏ నోటితో చెప్పను?"

పాలు చాలక బాబుకి రాత్రిళ్ళు డబ్బా పాలు పడుతున్నారు. తినదు కాబట్టే పాలు లేవని ఆంటీ. ఏడుస్తున్నాను కాబట్టి పాలు లేవని ఆ పిల్ల. కొడుకు ఇద్దరి మధ్యా నిలబడి ఫోను చూసుకుంటాడు. ఇదంతా మనకి తెలియని కథ కాదు.

"మీ ఊళ్ళో అయితే ఏం పెడతారు?" అన్నాను.

'షియావ్‌మి' అంది. సన్నటి పసుపుపచ్చ గింజలు, గంజి కాస్తే పైన మీగడలా కడుతుంది, దాన్ని గింజ నూనె అంటారు, బాలింతకి అదే బలం, వాళ్ళ వదిన రోజుకి ఐదారు గుడ్లతో అది తిని గుండ్రంగా తయారైంది, అని చెప్తూ చెప్తూ ఫోన్లో బొమ్మ చూపించింది. చూస్తే ఏమిటనుకున్నారు? మన కొర్రలు! ఉత్తర చైనా వాళ్ళు వేల ఏళ్ళ కిందటే పండించడం మొదలుపెట్టిన ధాన్యం. మన రాయలసీమలో కొర్రన్నం తిని పెరిగిన పెద్దవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.

మర్నాడు సెరంగూన్ రోడ్డుకెళ్ళి కిలో ప్యాకెట్ తెచ్చాను. తమిళ కొట్టు కాబట్టి పైన 'తినై' అని ఉంది. ఆంటీ చేతిలోనే పెట్టాను. కోడలి చేతిలో పెడితే అది వేరే గొడవ అవుతుంది, ఆ మాత్రం మనకి తెలియదా.

ఆవిడ ప్యాకెట్ అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇది పిట్టలకి వేసే గింజ కదా?" అంది. తర్వాత ఇంకో మాట అంది. "పైగా ఇది చలవ." ఆవిడ గాలివాటుగా అన్నమాట కాదు. చైనా వైద్యంలో ఈ గింజని నిజంగానే కొంచెం చలవ చేసే వాటి కింద రాస్తారు. అదే గింజని ఉత్తరాదిన కోట్లమంది బాలింతలు తిన్నారు. ఆ రెండూ నిజమే. శాస్త్రం ఒకటి చెప్తుంటే పొలం ఇంకొకటి చెప్పింది, గెలిచింది పొలమే.

నేను వాదించలేదు. "మా దేశంలో కూడా దీన్ని వండుకుని తింటారు ఆంటీ. ఆ పిల్ల వాళ్ళమ్మ వచ్చి ఉంటే ఇదే కాచేదట" అని మాత్రం చెప్పి వచ్చేశాను.

ఆ రాత్రి ఆవిడ ఏం ఆలోచించిందో. పొద్దున్న ఏడింటికి బెల్లు కొట్టి, "ఒక గ్లాసు గింజలకి ఎన్ని నీళ్ళు?" అని అడిగింది. తొమ్మిదింటికి పిలిస్తే వెళ్ళాను. పొయ్యి మీద కొర్రల గంజి. అందులో వేలెడు మందాన అల్లం ముక్కలు నాలుగు, ఎర్ర రేగుపళ్ళు పది, ఎర్ర చక్కెర. "అల్లం వేశాను, రేగుపళ్ళు వేశాను, ఇంక చలవెక్కడిది?" అంది, పేచీ తనే తీర్చిన పెద్దమనిషిలా. కోడలు రెండు గిన్నెలు తింది. మొదటి గిన్నె తింటూ వాళ్ళమ్మకి వీడియో పెట్టి చూపించింది. అవతల ఆవిడ ఏదో గబగబా అంటే ఆంటీ కాంటనీస్ యాసలో మాండరిన్‌లో జవాబిచ్చింది. నాకు ముక్క అర్థం కాలేదు. కానీ ఇద్దరూ గరిటె తిప్పినట్టు చేతులు తిప్పుకుంటున్నారు.

పాలు పడ్డాయా అంటారేమో. పెరిగాయి, నెమ్మదిగా. రాత్రి ఒక పూట డబ్బా పాలు ఉండనే ఉన్నాయి. గంజి మహిమ అని నేను రాయను. మనిషి కడుపు నిండా తిని పడుకుంది, అది చాలు.

ఇంత దూరం వచ్చాక పథ్యంలో నాకు నచ్చనివి కూడా చెప్పాలి. నీళ్ళ సంగతి. తణుకులో అమ్మ నాకు మంచినీళ్ళు లెక్కపెట్టి ఇచ్చేది, పొట్ట వస్తుందని, వాతమని. ఏప్రిల్ నెల, పాలిచ్చే తల్లి, దాహంతో నాలుక పిడచకట్టుకుపోయేది. చైనా వాళ్ళు కనీసం ఆ ఎర్రటి నీళ్ళైనా ఫ్లాస్కుల కొద్దీ తాగనిస్తారు, ఆ విషయంలో మనకన్నా మేలు. కానీ నెలంతా ఆకుకూరా పండూ లేకుండా మాంసం మీదే నడిపితే మలబద్ధకం రాక ఏం చేస్తుంది? కుట్లున్న మనిషికి అదెంత నరకమో పడ్డవాళ్ళకి తెలుసు. వైను సంగతి మరీను. ఉడికిస్తే మత్తంతా ఎగిరిపోతుందంటారు, పూర్తిగా పోదు, కొంత మిగులుతుంది, తల్లి తాగితే పాలల్లోకీ వెళ్తుంది. మా ఎదురింట్లో కోడికూరలో వైను వెయ్యొద్దని ఆసుపత్రి నర్సు చెబితే ఆంటీ మానేసింది, మొహం ముడుచుకుని అయినా సరే. మూలికలు వేసే ముందు కూడా డాక్టరుకి ఒక మాట చెప్పాలని నా అభిప్రాయం. ఇక్కడ పసిపిల్లల కామెర్లకి కారణమవుతోందని 'హువాంగ్ లియాన్' అనే మూలికని ప్రభుత్వం 1978లో నిషేధించింది. దశాబ్దాల తర్వాత గానీ ఆ నిషేధం ఎత్తెయ్యలేదు.

అదే 1978లో బార్బరా పిల్స్‌బరీ అనే అమెరికన్ పరిశోధకురాలు ఈ నెల ఆచారం గురించి ఒక వ్యాసం రాసింది, చాలా పేరొచ్చింది దానికి. బాలింతకి మేలు చేసేది ఆ కట్టుబాట్లు ఒక్కటే కాదని, ఆ నెలలో ఇంటిల్లిపాదీ ఆమె మీద పెట్టే శ్రద్ధ కూడానని ఆవిడ ఉద్దేశం. నేను చూసిందీ అంతే. పాతరోజుల్లో కోడలికి గుడ్డూ కోడీ పళ్ళెంలో పడేది ఆ నెలలోనే. మామూలుగా అడగలేనిది పథ్యం పేరుతో అడగొచ్చు. "బాలింత, పని చెప్పకూడదు" అంటే ఎదురు మాట్లాడే మగాడు మన దగ్గరా లేడు, వాళ్ళ దగ్గరా లేడు. ఇప్పుడు అమెరికాలో మన పిల్లలు చాలామంది, అమ్మ వీసా గడువు అయిపోగానే, మూడో వారానికే అన్నీ తామే చేసుకుంటున్నారు. వాళ్ళకి కాయం పార్సెల్లో పంపొచ్చు. వండి పెట్టే మనిషిని పార్సెల్ చెయ్యలేం కదా.

నెల నిండిన రోజున బాబుకి వేడుక చేశారు. ఎర్రరంగు వేసిన గుడ్లు అంతస్తంతా పంచారు. మాకు పంది అలవాటు లేదని ఆంటీకి తెలుసు. అందుకని వేరే చిన్న కుండలో, గుడ్లూ అల్లం మాత్రమే వేసి, వెనిగర్ విడిగా వండి తెచ్చింది. నాకోసం మళ్ళీ అంత అల్లం చెక్కు తీసింది. రుచి ఎలా ఉందంటే, మన అల్లం పచ్చడిలో చింతపండూ బెల్లం కాస్త ఎక్కువై పలచబడితే ఎలా ఉంటుందో అచ్చం అలా. మా అబ్బాయి దాన్ని ఇడ్లీకి నంచుకున్నాడు. ఆంటీకి చెబితే ముందు నమ్మలేదు, తర్వాత మరో సీసా నింపి ఇచ్చింది. ఇచ్చి, "ఈసారి మీ బజారుకి వెళ్ళినప్పుడు ఆ గింజలు రెండు కిలోలు తీసుకురా" అంది. కోడలికేమో అనుకున్నాను. కాదట, పొద్దున్నే తనకే కావాలిట.